నటవిద్యకు పట్నమే దిక్కా?

మొన్న గురజాల ప్రాంతమునుండి యొక యువకుడు మా కార్యాలయమునకు వచ్చెను. పట్టభద్రుడు, తండ్రి మిరప పండించు రైతు. ఆతడడిగిన ప్రశ్న చిన్నది. "అయ్యా, హైదరాబాదులో యాక్టింగు బాగా నేర్పే చోటేదన్నా ఉంటే చెప్పండి." చేతిలో నలిగిన రసీదొకటి యున్నది. పట్నములో నంతకుమునుపే యొక చోట రుసుము చెల్లించి నలువది దినములు తరగతికి పోయినాడట. చెప్పవలసిన గురువు వారమునకొక మారు కనబడెనట. కడపట, ఛాయాచిత్రముల సంపుటము తీయించుకొన్న గాని యవకాశములు రావనియు, దానికి వేరే సొమ్ము కావలెననియు జెప్పిరట. ఆ చోటి పేరు వ్రాయుట మా యుద్దేశము కాదు. అట్టివి యొకటి కాదు గనుక పేరుతో పనియు లేదు.

ఇట్టి యువకుని చూచి నవ్వు పెద్దలు మన పల్నాటిలో పెక్కుమంది గలరు. "చదువుకొన్నవాడు ఉద్యోగము చూచుకొనక వేషములేల?" అందురు. ఆ నవ్వులో మేము పాలుపంచుకొనజాలము. భరతముని శాస్త్రము వ్రాసిన విద్యను విద్య కాదనుటకు మనమెవ్వరము? విదేశీయ ప్రభుత్వము నాటకములకు జడిసి 1876వ సంవత్సరములో వానిని నిషేధించు చట్టమునే చేసినది. పరులు భయపడిన శక్తిని మనము చులుకన చేయుట వింత. కుర్రవాడు తప్పు విద్య కోరలేదు. ఆ విద్య యెచ్చట దొరకునో చెప్పువారు లేక తప్పు గుమ్మము తట్టినాడు, అంతియే.

పట్నములో మంచి గుమ్మములు లేకపోలేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో రంగస్థల కళల శాఖ గలదు, పట్టభద్రులకచ్చట ప్రవేశము. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము నందును, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నందును నాటకశాఖలున్నవి. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల 1959లో నెలకొల్పబడినది, చదువు మూడేండ్లు, పట్టముతో పాటు రంగానుభవము గూడ నుండవలెను. పూనాలోని చలనచిత్ర విద్యాలయము 1960 నాటిది. ఇవన్నియు ప్రజాధనముతో నడచునవి. అయినను ఈ పేర్లు మన పల్లెలకు చేరవు. కృష్ణానగరు, యూసుఫ్‌గూడ వీథులలోని గోడప్రకటనలు మాత్రము ఫోనులో ప్రతి యింటికిని చేరుచున్నవి.

ప్రైవేటు పాఠశాలలన్నియు మోసమని మేమనము. దేవదాస్ కనకాలగారును, వారి సహధర్మచారిణి లక్ష్మీదేవిగారును హైదరాబాదులో నడిపిన శిక్షణాలయమునుండి నిజమైన నటులు వచ్చిరి. 1970వ దశకములో మదరాసు ఫిలిం చాంబరు వారి పాఠశాలలో రజనీకాంతు, చిరంజీవి చదివిరి. ఆ రెండు పేర్లే నేడు ప్రకటనకర్తలకు పెట్టుబడి. అదే బల్లలపై కూర్చుండి, అదే పాఠము విని, పేరు లేక యిండ్లకు మరలినవారి సంఖ్య యే ప్రకటనలోను కనబడదు. పాఠశాల విద్య నీయగలదు, అవకాశము నీయజాలదు. రెంటిని కలిపి యొకే రుసుమునకు అమ్మువాడు మొదటిదానిని కూడ సరిగా నీయడని మా నమ్మకము.

కావున ఆ యువకునితో మేము చెప్పినదిది. రుసుము చెల్లింపకమునుపు ఒక పూట తరగతిలో మూల కూర్చుండి చూడనిమ్మని యడుగుము. ఒల్లమన్నచో లేచి రమ్ము. గురువు శిష్యులచేత గొంతు సాధన చేయించుచున్నాడా, లేక తన పూర్వవైభవము చెప్పుచు కాలము గడుపుచున్నాడా? ఏడాదికొకసారియైనను శిష్యులను పదిమంది ప్రేక్షకుల యెదుట నిలుపుచున్నాడా? కెమెరా యెదుట చేసినది మరల మరల తీయవచ్చును. జనము నెదుట తడబడినవాడే తన లోపమును తానెరుగును. 1885లో మొదలైన సురభి సమాజములో పసిబిడ్డలు బడికి పోయి నటన నేర్వలేదు, తెర వెనుక నిదురించి తెర ముందు మేల్కొనిరి.

ఇంకొక మాట. పట్నపు తరగతిలో పల్నాటివానికి మొదట జరుగు సంస్కారము వాని యాసను కోసివేయుట. "ఈ పలుకు పనికిరాదు" అందురు. కొంత కాలమునకు వాడు తన యింట ఫోనులో మాట్లాడుటకే సిగ్గుపడును. ఆపై చిత్రములో ముఠాకోరు పాత్ర వచ్చినపుడు, కోసివేసిన ఆ యాసనే వికృతముగా పలుకుమని వానినే నియోగింతురు! శిష్టభాష నేర్వవలదని మేము చెప్పము. వాచికాభినయమునకు పది పలుకుబడులు కావలెను. ఉన్నదానిని పోగొట్టుకొని యింకొకటి తెచ్చుకొనుట మాత్రము విద్య కాదు. ముప్పాళ్ల మండలములోని చాగంటివారిపాలెమున పుట్టిన బ్రహ్మానందముగారు అత్తిలిలో తెలుగు అధ్యాపకుడుగా నుండి చిత్రసీమకు పోయిరి. తెలుగు మాటను ఏ కొలతలో విరువవలెనో ఆయన కెరుకయగుటకు ఆ తరగతిగదియు, ఈ నేలయు కారణములు కావని యెవరనగలరు?

మన నేల విషయము వచ్చినది గనుక కారెంపూడిని తలంపక తీరదు. కార్తిక అమావాస్యతో మొదలై యైదు దినములు వీరుల గుడి యెదుట జరుగు ఉత్సవమును మనము తిరునాళ్లగా చూతుము. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఆ దినముల పేర్లే నాటకాంకముల పేర్ల వలె నున్నవి. పండ్రెండవ శతాబ్దపు యుద్ధమును వీరవిద్యావంతులు కత్తి చేతబట్టి పాడుచుండగా, బాలచంద్రుడు యుద్ధమునకు వెడలు ఘట్టమున కన్నీరు పెట్టని ముసలమ్మ యుండదు. జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు పల్నాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య అను విద్యావంతుడు పాడిన కథను సేకరించి, 1982లో ఆక్సుఫర్డువారి గ్రంథముగా ప్రకటించెను. సముద్రములు దాటి యొకడు మన గుడి యెదుట విద్యార్థియై కూర్చుండెను. మన బిడ్డలు ఆ గుడి ముందునుండియే హైదరాబాదు బస్సెక్కుచున్నారు. ఊరి వెలుపలి వాడలలో నుంచబడిన వారే యూరి వీరులను గొంతులో దాచి కాపాడిరి. వారిని గురువులని పిలుచుటకు మన నోరు రాకపోవుటయు ఇందుకొక కారణము కావచ్చును.

కారెంపూడి చాలునని, పట్నము వలదని చెప్పుట మా మతము కాదు. విద్యావంతుల పాట కెమెరా ముందు కన్నెట్లు నిలుపవలెనో నేర్పదు. అది భక్తితో ముడిపడిన కళ. వంశములలో నిలిచిన కళ. షేక్ నాజరుగారు బుఱ్ఱకథను పట్టుకొని పల్నాటి యుద్ధమును ఊరూర చెప్పినపుడు, పాతదానికి తన కాలపు ఊపిరి పోయవలసి వచ్చినది. నేటివారికిని ఆ రెండును కావలెను. ఆ రెంటిని కలుపు చోటు లేదు; అదియే మా ఫిర్యాదు.

2022 ఏప్రిలు 4న పల్నాడు జిల్లా యేర్పడినది, నరసరావుపేట ముఖ్యపట్టణమైనది. కార్యాలయముల బోర్డులు మారినవి. ఆ పట్టణపు కళాశాలలలో నొకదానియందు రెండేండ్ల నాటకవిద్యాభ్యాసమును ప్రభుత్వమేల నెలకొల్పరాదు? విశ్వవిద్యాలయమునుండి యిద్దరు ఆచార్యులు, కారెంపూడినుండి యొక విద్యావంతుడు, ఒక వేదిక. అంతకంటె పెద్ద వ్యయమేమున్నది? 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తును స్థాపించినవారికి ఇంతటి వనరులును లేవు.

ఇందువలన ఆడుబిడ్డలకు కలుగు మేలు మరింత పెద్దది. కుమారుని కృష్ణానగరులో అద్దెగదికి పంపుటకు సాహసించు తండ్రి కుమార్తెను పంపడు. పంపడని నిందించుటకును మాకు మనసు రాదు. స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలలో లోకమును మురిపించి 1956లో పద్మశ్రీ పొందిరి; మహానటుడే. కాని నాడు స్త్రీ వేషమునకు పురుషుడు కావలసి వచ్చుటకు కారణము మన యిండ్ల తలుపులు. దుర్గియందో, మాచర్లయందో నాగమ్మ పాత్ర ధరింపగల బాలిక యీనాడు నున్నచో, ఉదయము బస్సెక్కి సాయంత్రమింటికి రాగల దూరములో పాఠశాల యున్ననే ఆ తలుపు తెరచుకొనును.

యువకుడు మా మాటలన్నియు విని, విశ్వవిద్యాలయముల పేర్లు కాగితముపై వ్రాసికొనెను. "బీకాం చదివినోణ్ణి కూడా తీసుకుంటారాండీ?" అని యడిగెను. ఏ పట్టమైనను చాలునని చెప్పితిమి. గుమ్మము దాకా పోయి మరల వెనుదిరిగి, ఈ సారి అమావాస్య యెప్పుడని యడిగెను. పంచాంగము తీసి చూపితిమి.