మన ఇంటి ముచ్చట్లు: ఎర్రపొట్ట చేప

గత మాసము దివిసీమలో ఒక సంఘమును దర్శించినప్పుడు, ఆరాధన అయ్యాక ఒక సహోదరి మమ్ములను ఇంటికి పిలిచింది. భోజనానికే అనుకున్నాము. తీరా వెళ్తే ముందు గదిలో రెండడుగుల గాజుతొట్టె, అందులో అరచేయంత చేప ఒక్కటే తిరుగుతున్నది.

"అయ్యగారూ, ఇది తోటి చేపల్ని బ్రతకనివ్వలేదండీ. పిల్లాడు బడికెళ్ళినప్పుడు కాలవలో పోసేద్దామనుకుంటున్నాను" అన్నది. తలుపు చాటున పదేళ్ళ కుర్రవాడు వింటూనే ఉన్నాడు.

సంగతేమిటంటే, వేసవిలో బందరు వెళ్ళినప్పుడు పిల్లవాడు మారాం చేస్తే ఆరు గప్పీలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు కొన్నారట. వాటితోపాటు రూపాయి బిళ్ళంత ఎర్రపొట్ట చేప ఒకటి. "పిరానా పిల్ల" అని చెప్పి అమ్మాడట దుకాణదారు. నాలుగు నెలలలో గప్పీలు ఒక్కొక్కటే మాయమైనవి. గోల్డ్‌ఫిష్‌లు తోకలు తెగి చచ్చిపోయినవి.

మాతో గుడివాడ వైపు చెరువులు చేసే సహోదరుడొకరు ఉన్నారు. చూస్తూనే నవ్వారు. "పిరానా కాదమ్మా, మా చెరువుల్లో రూప్‌చందు!" చేతులు తడుపుకొని చేపను పట్టి, పెదవి తెరచి కుర్రవాడికి చూపించారు. పిరానా పళ్ళు రంపపు పళ్ళలా మొనదేలి ఉంటాయి, కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది. దీని పళ్ళు మన పళ్ళలాగే చదునుగా ఉన్నవి. చిన్నప్పుడు రెంటికీ ఎర్రపొట్టే గనుక మోసపోవటం తేలిక. ఈ చేప దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులది. అక్కడ నీటిలో రాలిన పండ్లను, గింజలను కొరికి తింటుంది. 2000 తరువాత బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి చేరింది. పుట్టినచోట 20 కిలోలు దాటినవి కూడా ఉన్నవి. అటువంటి దానిని రెండడుగుల తొట్టెలో పెట్టాము!

"మరి మీ చెరువులో పక్క చేపల్ని తినదా అన్నగారూ?" అని అడిగింది ఆ తల్లి. మంచి ప్రశ్నే. చెరువులో బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి. ఒకదాని మేతకు మరొకటి అడ్డు రాదు. రూప్‌చందును వాటి ఈడువాటితోనే వదులుతారు, వేళకు మేత వేస్తారు, నీరు ఎకరాలకొద్దీ ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఏబై లీటర్లు. ఆకలేస్తే ఎదురుగా కదిలే తోకే మేత. చెరువువారు భయపడేది కొరమేనుకు. అది పిల్లచేపలను మింగుతుందని నీరు వచ్చే తూముకు వల కడతారు.

కనుక తొట్టె పెట్టుకొనేవారు ముందు చేప పేరు, ఎంతకు పెరుగుతుందో అడగండి. ఒకదాని నోట మరొకటి పట్టేటట్లయితే కలపవద్దు. ఏంజెల్ చేపతో గప్పీ పిల్లలు మిగలవు. టైగర్ బార్బులు ఏంజెల్ రెక్కలు పీకుతాయి. ఫైటర్ మగవి రెండు ఒకచోట కూడదు. మన సముద్రతీరపు ఊళ్ళలో బోరు నీరు ఉప్పన. దానికి మోలీలు, గప్పీలు ఓర్చుకుంటాయిగాని, నియాన్ టెట్రాలు తెచ్చి డబ్బు పారేసుకోకండి. కుళాయి నీరైతే ఒక రోజు వెడల్పు పాత్రలో నిలువ ఉంచి పోయండి.

కాలవ మాటకు మాత్రం మేమంతా వద్దన్నాము. వరదలకు గట్లు తెగి బయటపడిన పరాయి చేపలు చాలవా? చివరకు ఆ సహోదరుడే, "మా చెరువులో ఎలాగూ ఇవే ఉన్నాయి, ఇవ్వండి" అన్నారు. ముందు వేరే తొట్టిలో కొన్నాళ్ళు ఉంచి, ఉప్పునీటి స్నానం చేయించి, జబ్బేమీ లేదని తేలాక వదులుతానన్నారు.

మూత ఉన్న బకెట్ ఒడిలో పెట్టుకొని పిల్లవాడు మాతోనే గుడివాడ బస్సెక్కాడు. దారిలో ఒక్క మాటే అడిగాడు. "మామయ్యగారూ, అన్నింటిలో మా చేపను గుర్తు పట్టగలరా?"

"పట్టలేను బాబూ. వల వేసినప్పుడు అన్నీ వస్తాయి" అన్నారు ఆయన. అబద్ధమాడలేదు. పిల్లవాడు పామర్రు వచ్చేదాకా బకెట్ మూత మీదనుంచి చెయ్యి తీయలేదు.