మొహమాటం సమ్మతి కాదు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ ప్రాంతాల్లో కర్మాగారాలను నమ్ముకొని బతికే కుటుంబాల పరిస్థితి మన పాఠకులకు కొత్తగా వివరించనక్కర లేదు. ఇంటి యజమాని కాంట్రాక్టు కార్మికుడు. ఓవర్‌టైమ్ దొరికిన నెలలో ఇల్లు గడుస్తుంది. కంపెనీలో పని తగ్గిన నెలలో అద్దె కోసం చేబదులు వెదుక్కోవలసి వస్తుంది. పిల్లల బడి ఫీజులు, పెద్దవారి మందులు, పెండ్లి ఈడుకొచ్చిన ఆడపిల్ల బాధ్యత ఏ నెలకూ ఆగేవి కావు. అటువంటి ఇంటి ఇల్లాలు తానూ నాలుగు రూపాయలు సంపాదించాలని తలచడం సహజమే కాదు, అభినందనీయం కూడా. కొందరు సోదరీమణులు కుట్టుపని చేస్తున్నారు. కొందరు పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నారు. మరికొందరు సౌందర్య సాధనాల వ్యాపారం చేపట్టారు. ఇరుగుపొరుగు స్త్రీలను, బంధువులను ఇంటికి పిలిచి, చాయ్ బిస్కట్లు పెట్టి, క్రీములు, షాంపూలు, అత్తర్లు చూపించి అమ్ముతున్నారు.

ఈ వ్యాపారం గురించి మాకు రెండు వైపుల నుంచి ప్రశ్నలు వస్తున్నాయి. అమ్మే సోదరి, "ఈ సంపాదన హలాలేనా?" అని అడుగుతున్నారు. కొన్న సోదరి ప్రశ్న వేరు. "పిలిచారు కాబట్టి వెళ్లాను. అందరూ ఏదో ఒకటి తీసుకుంటుంటే ఖాళీ చేతులతో లేవలేకపోయాను. ఫీజు కోసం దాచిన డబ్బులోంచి ఆరువందల యాభై ఇచ్చి క్రీము తెచ్చుకున్నాను. అది మూత కూడా తీయలేదు. ఇంట్లో ఎలా చెప్పాలి?" మొదటి ప్రశ్నకు సమాధానంలో పెద్ద భాగం ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

స్త్రీ సంపాదనకు ధర్మం అడ్డు కాదు

పురుషులు సంపాదించినదానిలో వారికి, స్త్రీలు సంపాదించినదానిలో వారికి భాగం ఉందని దివ్య ఖుర్ఆన్ 'అన్‌నిసా' సూరా స్పష్టం చేసింది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి) మక్కా నగరంలో పేరుపొందిన వర్తకురాలు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సతీమణి చేతిపని చేసి, ఆ ఆదాయాన్ని భర్తకూ పిల్లలకూ ఖర్చుపెట్టేవారు. అందుకు పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) ఆమెకు శుభవార్త వినిపించారు.

మన చర్చకు మరింత దగ్గరగా ఉన్న సంఘటన ఒకటి తొలినాటి చరిత్ర గ్రంథాల్లో కనిపిస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) పాలనా కాలంలో మదీనాలో అస్మా బిన్తె ముఖర్రిబా అనే మహిళ అత్తరు అమ్మేవారు. ఆమె కుమారుడు యమన్ నుంచి సరుకు పంపేవారు. అన్సార్ స్త్రీలు ఆమె వద్దకు వెళ్లి కొనేవారు. ఆమె తూచి సీసాల్లో పోసి, అరువు పెట్టినవారి బాకీ వ్రాయించుకొనేవారు. ఒక రోజు హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) తోటి స్త్రీలతో కలిసి అక్కడికి వెళ్లారు. మాటల మధ్య బద్ర్ నాటి పాత గాయం రేగింది. నీకు అమ్మనని ఆమె, నీ వద్ద కొననని ఈమె తెగేసి చెప్పుకున్నారు. వారి కలహాన్ని ఆదర్శంగా తీసుకోమని మేము అనడం లేదు. అయితే ఇందులో మూడు విషయాలు గమనించదగినవి. స్త్రీ స్త్రీలకు సుగంధ ద్రవ్యాలు అమ్మడం కొత్త సంగతి కాదు. తూకం, అరువు లెక్క అన్నీ పద్ధతి ప్రకారం సాగాయి. అన్నిటికీ మించి, అమ్మకందారు ఎదుటనే నిలబడి 'కొనను' అని చెప్పగలిగే స్వేచ్ఛ ఆ స్త్రీకి ఉంది. నేడు మన గదుల్లో కరువైనది ఈ మూడోదే.

మనసు ఇచ్చిన సొమ్ము, సిగ్గు ఇప్పించిన సొమ్ము

వర్తకం పరస్పర సమ్మతితో జరగాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. ఒక ముస్లిం సొత్తు అతడి మనస్ఫూర్తి లేకుండా మరొకరికి ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మరి సమ్మతి అంటే నోటితో 'సరే' అనడమేనా? ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఇతరులను అడిగి తీసుకోవడాన్ని గురించి చర్చిస్తూ, ఒంటిపై కొరడాతో కొట్టి తీసుకోవడానికీ, సిగ్గు అనే కొరడాతో లోపల కొట్టి తీసుకోవడానికీ తేడా లేదనే భావం వ్యక్తం చేశారు. తెలుగులో మనం మొహమాటం అనే మాట ఆ కొరడాకే పేరు.

ఇంటి పార్టీల పద్ధతి ఈ మొహమాటాన్ని ఆధారం చేసుకొనే పెరిగింది. అమెరికాలో 1951లో టప్పర్‌వేర్ కంపెనీ తన డబ్బాలను దుకాణాల నుంచి ఉపసంహరించి, ఇళ్లలో జరిగే పార్టీల ద్వారానే అమ్మడం ప్రారంభించింది. పిలిచేది స్నేహితురాలు, కొనేది స్నేహితురాలు, లాభం కంపెనీది. ఇల్లు ఇచ్చిన ఆమెకు అమ్మకాలను బట్టి కానుక. ఆ తరహా నేడు చాలా సౌందర్య సాధనాల కంపెనీలు అనుసరిస్తున్నాయి. దుకాణంలో వస్తువు చూసి వద్దని వస్తే దుకాణదారుతో మన బంధుత్వం చెడదు. కానీ "ఆపా, ఒక్కటైనా తీసుకోండి" అని అడిగేది మన వియ్యపురాలి చెల్లెలైతే? మన పిల్లవాడి అఖీఖాకు వచ్చి దీవించిన పక్కింటి ఖాలా అయితే? అక్కడ చేతులు మారేది క్రీము ఒక్కటే కాదు, బంధుత్వం కూడా ధరలో కలిసిపోతుంది.

కనుక అమ్మే సోదరి తన మనస్సాక్షిని ఒక్క ప్రశ్న అడగాలి: ఈ గది నుంచి ఏమీ కొనకుండా లేచి వెళ్లిన స్త్రీకి రేపు నేను ఇదే చిరునవ్వుతో సలాం చెప్పగలనా? చెప్పగలిగితే ఆ అమ్మకంలో బర్కత్ ఉంటుంది. చెప్పలేకపోతే, లెక్కల పుస్తకంలో లాభం కనిపించినా, దాని మూలం మీద సందేహం నిలుస్తుంది.

ఇక ఆ ఆరువందల యాభై రూపాయల సోదరికి మా సమాధానం ఇది. నోటితో ఒప్పుకొని కొన్నారు కాబట్టి అమ్మకం జరిగినట్టే. అయినా, కొని పశ్చాత్తాపపడిన వ్యక్తి నుంచి సరుకు తిరిగి తీసుకున్నవారి తప్పులను అల్లాహ్ క్షమిస్తాడని హదీసు ఉంది. దీనినే 'ఇఖాలా' అంటారు. మూత తీయని సీసాతో వెళ్లి ఉన్నమాట మృదువుగా చెప్పండి. అమ్మిన సోదరి నొచ్చుకోకుండా తిరిగి తీసుకుంటే, ఆమె నష్టపోయే వంద రూపాయల కన్నా ఆమెకు దక్కే పుణ్యం గొప్పది.

సరుకులోని నిజం

మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా, లోపల తడిగా ఉండడం చూసి, మోసగించేవాడు మావాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. సౌందర్య సాధనాల్లో ఈ తడి ధాన్యం మాటల రూపంలో ఉంటుంది. "పది రోజుల్లో తెల్లబడతారు" అనే మాట అందులో మొదటిది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమును తయారుచేసే కంపెనీయే దాని పేరులోని 'ఫెయిర్' అనే మాటను తొలగించుకున్నది. అల్లాహ్ ఇచ్చిన రంగును లోపంగా చూపి, పెండ్లి కావలసిన అమ్మాయి మనసులో భయం పెట్టి అమ్మడం మోసంతో పాటు హృదయాన్ని గాయపరచడం కూడా.

దీని వల్ల ఆరోగ్యానికీ ముప్పుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో చర్మాన్ని తెల్లబరుస్తాయంటూ అమ్మిన క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపడింది. అటువంటి క్రీముల్లో పాదరసం కలుపుతారు. కాబట్టి తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడవలసిన గడువు ముద్రించని సరుకును అమ్మవద్దు, కొనవద్దు. అలాగే కొన్న స్త్రీల ముఖచిత్రాలను 'వాడక ముందు, వాడిన తరువాత' అంటూ వాట్సాప్‌లో పెట్టడం చాలామంది తేలికగా తీసుకుంటున్నారు. మనలను నమ్మి ముఖం చూపిన స్త్రీ చిత్రం మన వద్ద అమానత్. అది పదిమంది ఫోన్లలోకి వెళితే తిరిగి తెచ్చుకోలేము.

మనుషులను చేర్చే వ్యాపారం

కొన్ని పథకాల్లో సరుకు నెపం మాత్రమే. అసలు ఆదాయం కొత్తవారిని చేర్చడం ద్వారా వస్తుంది. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలంటారు. వినడానికి సులువే. ఒకరు ఆరుగురిని, ఆ ఆరుగురు ముప్పై ఆరుగురిని చేర్చుకుంటూ పోతే ఎనిమిదో మెట్టు వచ్చేసరికి 16,79,616 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి సంగారెడ్డి జిల్లా ప్రాంతంలో చంటిపిల్లలతో సహా ఉన్నవారు సుమారు 15 లక్షల 27 వేలు. అంటే ఎనిమిది మెట్లు దిగేలోపే జిల్లాలో మనుషులు అయిపోతారు. చివరి మెట్టువారు ఎవరిని చేర్చాలి? వారు నష్టపోతేనే పైవారికి లాభం. ఇది అన్యాయంగా ఒకరి సొత్తు మరొకరు తినడమే. మన దేశపు ముఫ్తీలలో అనేకులు ఇటువంటి పథకాలను అధర్మమని తేల్చడానికి కారణం ఇదే.

దేశ చట్టం కూడా దీన్ని సహించదు. డబ్బు చలామణీ పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్‌వే సంస్థ వేసిన పిటిషన్లను కొట్టివేస్తూ, దాని సభ్యత్వ పథకం ఆ చట్టం కిందికి వస్తుందని అభిప్రాయపడింది. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈ-బిజ్, క్యూనెట్ వ్యవహారాల్లో కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నేరుగా అమ్మకాల నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారు ఇంటికి వెళ్లరాదని, కంపెనీ అధికారికంగా చెప్పని గుణాలను సరుకుకు అంటగట్టరాదని అవే నిబంధనలు ఆదేశించాయి. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

ముందు లెక్క వేసుకోండి

చాలామంది సోదరీమణులు అమ్మకాన్ని చూసి లాభం అనుకుంటున్నారు. ఉదాహరణకు, కంపెనీ నుంచి రూ.400కు తెచ్చిన సీసాను రూ.500కు అమ్ముతారనుకుందాం. పన్నెండు సీసాలు తెస్తే పెట్టుబడి రూ.4,800. పది అమ్ముడైతే వచ్చేది రూ.5,000. చేతిలో మిగిలింది రూ.200. చాయ్, బిస్కట్లు, ఆటో ఖర్చు తీస్తే అదీ మిగలదు. రెండు సీసాలు అల్మారాలో గడువు తీరుతూ ఉంటాయి. అరువు పెట్టినవారు ఆలస్యం చేస్తే చేతి డబ్బు కూడా చిక్కుకుంటుంది. ఈ పెట్టుబడిని వడ్డీకి తెచ్చి ఉంటే, ఆ ఇంటి నష్టం ఇహంలోనూ పరంలోనూ రెట్టింపవుతుంది.

పాటించవలసిన హద్దులు

ఇంత చెప్పిన తరువాత కూడా మేము ఈ వ్యాపారం మానమని అనడం లేదు. హద్దుల్లో ఉంచమంటున్నాము.

1. చేతిలో లేని సరుకును సొంత సరుకుగా అమ్మవద్దు. దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)ను దీని నుంచే వారించారు. కేటలాగు చూపి ఆర్డర్లు తీసుకునేవారు, తాము కంపెనీ తరఫు ప్రతినిధులమని చెప్పి, ముందుగా నిర్ణయమైన కమిషన్ తీసుకోవచ్చు. లేదా ఇప్పుడు కోరిక మాత్రమే వ్రాసుకొని, సరుకు చేతికి వచ్చాక అమ్మవచ్చు.

2. విందుకు పిలిస్తే విందుకే పిలవండి. అమ్మకానికి పిలిస్తే ఆ మాట ముందే చెప్పండి. ఖుర్ఆన్ పఠనానికో, దుఆకో పిలిచి చివర సీసాలు తెరవడం తగదు.

3. అందరి ఎదుట ఒక్కొక్కరిని అడగవద్దు. కావలసినవారు తరువాత ఫోన్ చేసి చెప్పవచ్చునని ప్రకటించండి. మొహమాటం తెగడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

4. అరువును వ్రాసుకోండి. ధర ముందే తేల్చుకోండి. గడువు దాటితే అదనపు సొమ్ము అడగవద్దు.

5. మనుషులను చేర్చినందుకు వచ్చే ఆదాయానికి దూరంగా ఉండండి.

కొనే సోదరీమణులకు కూడా ఒక మాట. 'వద్దు' అనడం అమర్యాద కాదు. నవ్వుతూ, దుఆ చేస్తూ కూడా వద్దనవచ్చు. అమ్మే ఆమె కష్టాల్లో ఉందని జాలిపడితే, అక్కరలేని క్రీము కొనడం కన్నా సదఖా రూపంలో గుట్టుగా సహాయం చేయడం మేలు. ఆమె అర్హురాలైతే జకాత్ కూడా ఇవ్వవచ్చు.

భర్తలకూ చెప్పవలసింది ఉంది. కుటుంబ పోషణ భారం షరీఅత్ మీ మీద ఉంచింది. భార్య సంపాదన ఆమె సొత్తు. ఆమె ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె ఔదార్యం. నెలకింత తేవాలని ఆమెపై ఒత్తిడి పెడితే, ఆ ఒత్తిడే పొరుగింటి స్త్రీ మీద మొహమాటంగా పడుతుంది. మన ఇంటి అవసరం మరో ఇంటి పిల్లవాడి ఫీజును తినకుండా చూసుకోవడం ఇద్దరి బాధ్యత.

అల్లాహ్ మన సోదరీమణుల శ్రమలో శుభం కలిగించి, కొద్దిపాటి హలాల్ సంపాదనతోనే తృప్తి చెందే మనసు ప్రసాదించుగాక! ఆమీన్.