కర్త లేని వాక్యము

తరగతిలో గాజుసీసా పగిలితే పిల్లవాడు లేచి నిలుచుండి "మాస్టారూ, సీసా పగిలిందండీ" అంటాడు. "పగలగొట్టాను" అనడు. ఈ రెండు క్రియలకూ నడుమనున్న భేదాన్ని వానికి వ్యాకరణము నేర్పలేదు; భయము నేర్పినది. పెద్దవారమైన తరువాత ఆ విద్యకు మనము మరింత సానపెట్టుకొంటాము. "పొరపాటు జరిగినది", "జాప్యమైనది", "నష్టము వాటిల్లినది" అంటాము. ఆఫీసు ఉత్తరాలలో, సంస్థల ప్రకటనలలో క్రియ ఉంటుంది, ఫలితమూ ఉంటుంది; కర్త మాత్రము కనబడడు. భాష బోధించేవాడిని గనుక ఆ కర్త ఎక్కడికి పోయినాడన్న చింత నాకు చాలాకాలంగా ఉన్నది. అమెరికాలో కూలిపోయిన ఒక చిన్న విమానము కథ చదివినప్పుడు ఆ చింత మరల రేగినది.

ఆ విమానము బీచ్ 1900డి రకానిది. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో 1932లో వెలసిన బీచ్‌క్రాఫ్ట్ సంస్థది ఈ రకము. చిన్న పట్టణాలనుంచి జనాన్ని పెద్ద విమానాశ్రయాలకు చేరవేయడము దాని పని. ఊరూరా ఆగి ప్రయాణికులను జంక్షనులో దింపే మన ప్యాసింజరు బండి వంటిదన్నమాట. ఆసనాలు 19. ఈ సంఖ్య ఊరక పుట్టలేదు: 19 దాటితే విమానంలో పరిచారిక ఒకరు ఉండితీరవలెనని అక్కడి నిబంధన. మొదటి 1900 విమానము 1982లో ఎగిరినది. అందులో కప్పు తక్కువ గనుక, తరువాత వచ్చిన డి రకంలో మనిషి నిలువుగా నడిచేటట్లు ఎత్తు పెంచినారు. 2002లో నిర్మాణము ఆపేనాటికి అన్ని రకాలూ కలిసి సుమారు 700 తయారైనవి. దానిని చెడ్డ విమానమనడానికి వీలులేదు.

2003 జనవరి 8 ఉదయము, ఎయిర్ మిడ్‌వెస్ట్ సంస్థవారి అటువంటి విమానమొకటి ఉత్తర కరొలైనాలోని షార్లట్‌నుంచి దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్-స్పార్టన్‌బర్గుకు బయలుదేరినది. గంట పట్టని ప్రయాణము. 19 ఆసనాలూ నిండినవి. నేల విడవగానే ముక్కు పైకి లేవడము మొదలుపెట్టి 54 డిగ్రీలదాకా లేచినది. పైలట్లిద్దరూ దానిని దించడానికి పెనుగులాడినారు. 37 సెకన్లలో విమానము ఆ విమానాశ్రయంలోనే ఉన్న ఒక మరమ్మతు షెడ్డుమీద పడి కాలిపోయినది. లోపలి 21 మందిలో ఒక్కరూ మిగలలేదు.

తోకమీది అడ్డరెక్కకు వెనుక అంచున కదిలే పలక ఉంటుంది. దానిని ఎలివేటరు అంటారు. అది క్రిందికి వంగితే విమానము ముక్కు దిగుతుంది. దానిని లాగే ఉక్కుతీగల బిగువును, ప్రమాదానికి ముందు, జనవరి 6 రాత్రి, పశ్చిమ వర్జీనియాలోని హంటింగ్టన్‌లో కాంట్రాక్టు మెకానిక్కు ఒకడు సవరించినాడు. ఈ రకము విమానముమీద అతనికి ఆ పని అదే మొదలు. పుస్తకంలోని వరుసలో కొన్ని అంచెలు వదలివేసినారు. తత్ఫలితముగా పలక క్రిందికి వంగవలసినంతలో సగమే వంగినది. అతనికి దగ్గరుండి పని నేర్పిన ఇన్‌స్పెక్టరే, పని పూర్తి అయిన తరువాత దానిని పరీక్షించి సరేనన్నవాడు. పాఠము చెప్పినవాడే పేపరు దిద్దడము మన వృత్తిలో మామూలే. అక్కడ అది ప్రాణాంతకమైనది.

అయినా మరమ్మతు తరువాత ఆ విమానము తొమ్మిదిసార్లు సురక్షితంగా ఎగిరినది! ఆ ప్రయాణాలలో బరువు తక్కువ. పదవసారి నిండుగా జనము, సామాను. బరువు వెనుకకు మొగ్గినది. ఎగిరేముందు పైలట్లు లెక్క కట్టినారు: 17,018 పౌండ్లు. హద్దు 17,120. లెక్కలో తప్పు లేదు. లెక్కకు ఆధారమైన అంకెలలోనే ఉన్నది తప్పు. ప్రయాణికులను తూచరు, మనిషికి ఇంతయని ప్రభుత్వ విమానయాన శాఖ ఆమోదించిన సగటు బరువును వేసుకొంటారు. నిజానికి విమానము హద్దుకు సుమారు 580 పౌండ్లు మించి ఉన్నదని తరువాత తేలినది. ఆ శాఖ అప్పుడు మేలుకొని చిన్న విమానాల ప్రయాణికులను తూపించగా, మనుష్యులు కాగితంమీది సగటుకంటె 20 పౌండ్లకు పైగా బరువున్నారు. సగటు మనిషి అనేవాడు ఏ విమానమూ ఎక్కడు. ఎక్కేవారు నిజమైన మనుష్యులు.

2004లో వెలువడిన దర్యాప్తు నివేదికలో నాకు నచ్చినది దాని వాక్యరచన. తీగలను తప్పుగా సవరించడమూ, బరువు వెనుకకు మొగ్గడమూ కారణాలన్నారు. అంతటితో ఆగక పనిని కనిపెట్టని విమాన సంస్థను, తప్పు పట్టుకోలేని ఇన్‌స్పెక్టరును, పాత సగటును నమ్మిన ప్రభుత్వ శాఖను విడివిడిగా ఎత్తి చెప్పినారు. ప్రతి క్రియకూ కర్త ఉన్నాడు.

అయితే నివేదిక వ్రాసినవారు మూడవవారు. చేసినవారి నోట ఆ మాట రావడము వేరు. కూతురిని పోగొట్టుకొన్న దంపతులు నష్టపరిహారంతో తృప్తిపడలేదు. సంస్థ బహిరంగముగా క్షమాపణ చెప్పవలెనని పట్టుబట్టినారు. న్యాయవాదులకు ఇది మింగుడుపడే కోరిక కాదు. చింతించుచున్నామనడానికి సంస్థలకు అభ్యంతరముండదు; తప్పు మాదనడానికే నోరు రాదు. తుదకు 2005 మే 6న షార్లట్ విమానాశ్రయ సమీపంలో, మృతుల బంధువుల ఎదుట, సంస్థ అధ్యక్షుడు నిలుచుండి క్షమాపణ చెప్పినాడు. తమ లోపాలూ, మరమ్మతు చేసిన సంస్థ లోపాలూ ప్రమాదానికి తోడ్పడినవని ఒప్పుకొన్నాడు. మరమ్మతు పుస్తకంలోని మాటల పొందికకు కూడా కొంత పాలు పెట్టినాడనుకోండి! అయినా విమాన సంస్థలనుంచి అటువంటి మాట వినబడడము బహు అరుదు.

ఒప్పందంలో భాగముగా చెప్పిన క్షమాపణకు విలువ ఏమిటని అడిగేవారున్నారు. మనసులో పశ్చాత్తాపము ఉన్నదో లేదో ఆ తలిదండ్రులు తూచలేరు. వారు అడిగినది హృదయము కాదు, వాక్యము. చేసినవాడు తన నోటితో, పదిమంది వినగా చెప్పే వాక్యము. డబ్బు దానికి బదులు కాజాలదని వారు గ్రహించినారు. మన పాఠశాలల్లో ఉత్తరాలు వ్రాయించే మనము గ్రహించినామో లేదో నాకు అనుమానమే. "ఆలస్యమైనందుకు మన్నించండి" అన్న నమూనాను పిల్లలచేత ఎన్నిసార్లు వ్రాయించలేదు!

ఆ విమాన సంస్థ 2008లో మూతపడినది. నా సంగతి చెప్పుకోవాలంటే, నిరుడు ఒక విద్యార్థి తన జవాబుపత్రము తెచ్చి, మార్కులు కూడడంలో ఆరు తగ్గినవని చూపినాడు. కూడినది నేనే. చూసి అతనితో అన్నమాట ఇప్పటికీ జ్ఞాపకమున్నది: "కూడికలో పొరపాటు జరిగిందోయ్."