ఎవర్నీ అనలేదు తాతగారూ

మా వీధి చివర ఖాళీ స్థలంలో సాయంత్రం పూట పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. పోయిన వారం నాలుగో తరగతి చదివే కుర్రాడొకడు మొదటి బంతికే బౌల్డయ్యాడు. బ్యాటు నేలకేసి కొట్టి, తల్లిని కలిపి ఓ బూతు మాటన్నాడు. దగ్గరకు పిలిచి “ఎవర్ని తిట్టావు నాన్నా?” అని అడిగాను. “ఎవర్నీ అనలేదు తాతగారూ. అవుటైతే అలా అంటారు” అన్నాడు. వాడి మొహంలో తప్పు చేసిన జాడే లేదు. నోబాల్, వైడ్‌లతో పాటు నేర్చుకున్న మాట అది.

పెద్దవాళ్లం చెప్పేదీ ఇదే. అడ్డొచ్చిన స్కూటరు మీద, మొరాయించిన ఫోను మీద నోరు పారేసుకుని, “ఏదో ఊతపదం, ఎవర్నీ ఉద్దేశించి కాదు” అంటాం. ఉద్దేశం లేకపోవచ్చు. మాటలో మాత్రం ఒక మనిషి ఉంటుంది.

వెధవ అన్న మాటే చూడండి. తండ్రి కొడుకునంటాడు, మేష్టారు శిష్యుణ్నంటారు, ముద్దుగా కూడా అంటారు. అది విధవకు వికృతి. ముండ అన్నదీ ఆ కోవలోదే, భర్త పోయిన ఆడదానికి తల గొరిగించిన రోజుల మాట. ‘నీ తాడు తెగ’ అన్న శాపనార్థంలో తెగేది పుస్తెలతాడు. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టమొచ్చింది. వీరేశలింగం పంతులుగారు వెలిని లెక్కచేయకుండా 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన ఆ ఆడపిల్ల మన నోట్లో ఇప్పటికీ తిట్టుగానే మిగిలిపోయింది.

ఈ సంగతి నాకు నిఘంటువు చెప్పలేదు. ముప్పై ఏళ్లు నిండకుండానే మా బాబాయి పోయాడు, పిన్ని ఒంటరిదైంది. ఓ పండగనాడు అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. పిన్ని పప్పు వడ్డిస్తోంది. మంచినీళ్ల గ్లాసు తన్నేసిన మనవణ్ని మా ఇంటి పెద్దాయన “ఒరే వెధవా!” అని గదమాయించాడు. పిన్ని చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత వడ్డన మామూలుగా సాగింది. పెద్దాయన కూడా ఎవర్నీ అనలేదు.

మన తిట్లన్నీ పోగేసి చూస్తే వాటిలో ఎక్కువగా కనిపించేది అమ్మ, అక్కచెల్లెలు, వితంతువు, ఊరి చివరకు నెట్టిన కులం, కాలో కన్నో లేని మనిషి. జమీందారు, షావుకారు అన్న మాటలు తిట్లు కాలేదు. తిరిగి అడగలేని వాళ్ల పేర్లే తిట్లయ్యాయి.

చట్టాలున్నాయి. నలుగురు తిరిగే చోట ఇతరులకు బాధ కలిగేలా బూతులాడితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. దళితులను, గిరిజనులను నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మహారాష్ట్రలోని సౌందాలా అనే ఊళ్లో 2024లో గ్రామసభ కూర్చుని, తల్లినీ చెల్లినీ కలిపి తిట్టినవాళ్లకు 500 రూపాయల జరిమానా అని తీర్మానించింది. ఆ ఊరికి దండం పెట్టాలి. అయితే జరిమానా వీధిలో నోరు కట్టగలదు గానీ, గడప లోపల దాని సాయం తక్కువ.

మరి కోపం, బాధ ఎలా తీరాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో చేతులు మంచునీళ్లలో పెట్టించి చూశారు. తిట్టుకుంటూ ఉన్నవాళ్లు ఎక్కువ సేపు ఓర్చుకోగలిగారని 2009లో ప్రకటించారు. రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకో సంగతి చెప్పారు: రోజూ తిట్టే అలవాటున్నవాళ్లకు ఆ ఉపశమనం తక్కువ. అరిగిపోయిన తిట్టు కోపాన్నీ తీర్చదు. వినేవాళ్లను మాత్రం కోస్తూనే ఉంటుంది.

కోపమొస్తే అనడానికి తెలుగులో మాటలకు కరువా? అడ్డగాడిద ఉంది, మొద్దురాచిప్ప ఉంది, గోదావరి వాళ్ల ‘నీ దుంపతెగ’ ఉంది. ఏ ఆడదాని జోలికీ, ఏ కులం జోలికీ పోకుండా కడుపులో మంట చల్లారుతుంది.

ఆ కుర్రాడితో “అది అమ్మను అనే మాట నాన్నా” అన్నాను. వాడు చటుక్కున తలెత్తి, ఎదురింటి డాబా మీద బట్టలారేస్తున్న తల్లి వైపు చూశాడు. ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. దెబ్బ తగిలితే ‘అమ్మా’ అంటాం, కోపమొస్తే ఎదుటివాడి అమ్మను అంటాం. ఈ రెండూ ఒకే నోట్లో ఇమడవని తొమ్మిదేళ్ల పిల్లాడికి అర్థమైంది.

ఈ ఆదివారం అందరూ కలిసి భోంచేసేటప్పుడు వెధవ అన్న మాటకు అర్థమేమిటో మీ పిల్లలకు చెప్పండి. అంతకు ముందు, ఆ మాట మీరు మానేయండి.