థార్ ఇస్తాం సరే, డీజిల్ ఎవరు పోస్తారు?

మా నాయనకు నేనంటే ఇష్టం. మా థార్ అంటే ఇంకొంచెం ఎక్కువ ఇష్టం. 2011లో నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కొన్నాడు దాన్ని. డీఐ ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్, పైన గుడ్డ టాపు. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. రికార్డుల్లో వాల్మీకిపురం, మా నోట్లో వాయల్పాడు. ఆ ఊరి నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమోటా బాక్సులు మోసింది, పెళ్లిళ్లకు బంధువులను మోసింది, నన్ను ఇంజినీరింగ్ హాస్టల్లో దింపి వచ్చింది.

ఈ ఏడాది దానికి 15 ఏళ్లు నిండాయి. అంటే ఆర్‌సీ గడువు అయిపోతుంది. నాయనకు మోకాలి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కడం కష్టంగా ఉంది. నేనేమో బెంగళూరులో. "అమ్మేద్దాం నాయనా" అన్నాను.

"అమ్మేది లేదు. ఏదైనా మంచి పనికి ఊరికే ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. 2021 నవంబర్ వానలు మా వైపు వాళ్లెవరూ మర్చిపోరు. ఆ రాత్రి పక్కింటి వదినకు నొప్పులొచ్చాయి. వంక పొంగింది. ఆటో కాదు కదా, కారు కూడా దాటే పరిస్థితి లేదు. నాయన లో గేర్ వేసి, వదినను ఎక్కించుకుని, మెల్లగా ఇంకో దోవన మదనపల్లె చేర్చాడు. ఆ పిల్లోడు ఇప్పుడు మా వాకిట్లోనే ఆడుకుంటాడు. (అలా నీళ్లలో బండి దింపడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తలుచుకుంటే నాకు చెమటలు పడతాయి. మీరు మాత్రం చేయొద్దు.)

సరే, నేను రంగంలోకి దిగాను. గూగుల్ షీట్ తయారు చేశాను. తాళాలు ఇచ్చేటప్పుడు రీల్ తీయాలని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు! పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టే ఒక చిన్న ట్రస్టు దగ్గరికి ఆదివారం బండేసుకుని పోయాం.

అక్కడి మేడమ్ బండి చుట్టూ తిరిగి చూసింది. వెనక సీట్లు ఎదురెదురుగా ఉన్నాయి, బెల్టులు లేవు. "పేషెంట్లను ఇందులో ఎట్ల కూర్చోబెట్టాలన్నా?" అంది. తర్వాత నోట్‌బుక్ తీసి వరసగా అడిగింది. ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? టైర్లు ఎవరు మారుస్తారు? డ్రైవర్‌కు నెలకు 15 వేలైనా ఇవ్వాలి కదా? డీజిల్? అంబులెన్స్‌గా మార్చాలంటే ఆర్‌టీఓ అనుమతి, వేరే రిజిస్ట్రేషన్, దానికి తగ్గ ప్రమాణాలు.

నా షీట్‌లో ఇవేవీ లేవు.

"అన్నా, మీ మనసు పెద్దది. కానీ మాకు బండి లేక ఆగిన పని ఒక్కటీ లేదు. డబ్బుల్లేక ఆగినవి ఈ పుస్తకం నిండా ఉన్నాయి" అంది.

తిరిగొచ్చేటప్పుడు నాయన కలికిరి రోడ్డు దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్కటే మాట: "ఊరికే ఇస్తామన్నా వద్దంటారేమిరా?"

నాకూ లోపల గుచ్చుకుంది. మేం ఏమి ఇవ్వాలో మేమే అనుకున్నాం, వాళ్లకేం కావాలో అడగలేదు. యూజర్‌ను అడక్కుండా ఫీచర్ కట్టేసి, వాడట్లేదని అలిగినట్టుంది మా సంగతి.

ఆ రాత్రి డల్లాస్‌లో ఉన్న కాలేజీ సీనియర్‌కు ఫోన్ చేశాను. ఆయన తన పాత కారును అక్కడి ఒక సంస్థకు ఇచ్చాడు. ఫోన్ చేస్తే టోయింగ్ వాళ్లే వచ్చి తీసుకుపోయారట. కానీ చాలాసార్లు ఆ సంస్థలు కారును వాడుకోవు, వేలంలో అమ్ముకుంటాయి. 2005 నుంచి అక్కడి పన్ను మినహాయింపు కూడా చాలావరకు కారు ఎంతకు అమ్ముడైందో దాన్ని బట్టే. స్పీకర్‌లో విన్న నాయన, "అంటే అక్కడా అమ్మేదేనా!" అన్నాడు. సగం బరువు దిగినట్టుంది.

మన దగ్గర ఆ అమ్మే పని మనమే చేసుకోవాలి. ముందు తనిఖీ చేయించి, ఆర్‌సీ ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాం. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ ఫీజు 600 నుంచి 5,000 అయింది. తర్వాత పుంగనూరు వైపు మామిడి తోటలున్న ఒక రైతు 2 లక్షల 60 వేలకు కొన్నాడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. అమ్మినా, దానమిచ్చినా ఫారం 29, ఫారం 30 పెట్టి పేరు మార్పించే తీరాలి. రాష్ట్రంలోనే అయితే 14 రోజుల్లోపు ఆర్‌టీఓకు తెలపాలి. "తెలిసినవాళ్లే కదా" అని తాళాలు ఇచ్చేసి ఊరుకుంటే, రేపు యాక్సిడెంట్ అయితే కేసు మీ మెడకే. ఆర్‌సీలో పేరున్నవాళ్లనే యజమానిగా చూడాలని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

డబ్బు బ్యాంకు ద్వారానే ట్రస్టుకు పంపాం. పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, బండికి రాదు. నగదుగా ఇస్తే 2,000 దాటకూడదు. కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ లేదు. మా నాయనది సేద్యం, పన్ను గొడవే లేదు. "ఈ లెక్కలన్నీ నాకెందుకురా?" అని నవ్వాడు.

నెల తర్వాత మేడమ్ ఆ నోట్‌బుక్ పేజీ ఫొటో పంపింది. మూడు లైన్లు కొట్టేసి ఉన్నాయి: బీపీ మిషన్లు, షుగర్ స్ట్రిప్పులు, నర్సుకు ఆరు నెలల జీతం. నాయన ఆ ఫొటోను వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాడు. రీల్ ఆలోచన నేను మానేశాను.

మీ ఇంట్లోనూ పాత బండో, ల్యాప్‌టాపో ఇవ్వాలనుకుంటే, తాళాలు తీసే ముందు ఒక ఫోన్ చేయండి. "మీకేం కావాలి?" అని అడగండి. వాళ్లు బండే కావాలంటే బండితోపాటు ఒక ఏడాది ఖర్చు కూడా ఇవ్వండి.

నాయన ఇప్పుడు స్కూటీ మీద తోటకు పోతున్నాడు. మబ్బు పట్టిందంటే మాత్రం పుంగనూరుకు ఫోన్ చేస్తాడు, బండి బ్యాటరీ ఒకసారి చూసుకోమని.