రెండడుగుల గూడు ఎవరి నెత్తికి?

సంపాదకులు గారికి,

గత ఆదివారం అనుబంధంలో మేడ మీద కౌజు పిట్టలు పెంచుకోమంటూ గూడు బొమ్మ వేశారు కదా, ఈ ఉత్తరం దాని గురించే. బొమ్మ ముచ్చటగా ఉంది, కాదనను. పక్కన కొలతలు రాసినవారు మాత్రం ఒక్క కౌజు పిట్టనైనా చేత్తో పట్టుకున్నవారు కారని ఒట్టేసి చెప్పగలను.

పిట్టలు స్వేచ్ఛగా ఎగరడానికి గూడు కనీసం రెండడుగుల ఎత్తుండాలట. ఎంత జాలి గుండె! అయ్యా, కౌజు పిట్ట బెదిరితే పక్కకి పోదు. పిల్లి నీడ పడినా, పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసినా, ఉన్నచోటి నుంచి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. గూడు ఎనిమిది, పది అంగుళాల ఎత్తే ఉంటే దానికి ఊపు అందదు, తల తగిలినా పెద్ద దెబ్బ కాదు. రెండడుగులిచ్చారా, పూర్తి జోరు మీద వెళ్లి కప్పుకి గుద్దుకుంటుంది. అంత స్వేచ్ఛ ఇవ్వాలనుంటే మనిషి నిలబడేంత ఎత్తు కట్టి, పైన మెత్తటి వల బిగించాలి. ఇటూ అటూ కాని ఎత్తే పిట్ట ప్రాణం తీసేది.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి. ఇనప పని నాకు కొత్త కాదు. చూపు ఆనడం లేదని కిందటేడు గూడు పని మా ఊళ్లో ఒక వెల్డింగ్ షాపుకి అప్పజెప్పాను. బొమ్మ గీసి, అరకి పది అంగుళాలు అని రాసి, ఆ అంకె కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా కొట్టి ఇచ్చాను. నేను మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లొచ్చేలోపు గూడు దిగింది. మా ఆవిడ పిట్టల్ని అందులో వేయించింది. వచ్చి చూద్దును కదా, రెండు అరలుండాల్సిన చోట నిలువెత్తున ఒక్కటే అర! తెల్లారేసరికి కొన్ని పిట్టలకి నడినెత్తిన తోలు ఊడి ఎముక కనబడుతోంది. ఒకటి మెడ వాల్చేసింది. షాపాయన్ని నిలదీస్తే, "గాలాడాలి కదా బాబాయిగారూ, పాపమని నేనే పెంచాను" అన్నాడు. పెంచిన ఎత్తుకి అదనంగా కూలి కూడా అడిగాడు! కోసి మళ్లీ అతకమంటే మీ పిట్టలకే పిచ్చి అన్నాడు. చివరికి గ్రైండర్ అద్దెకి తెచ్చుకుని నేనే కోసుకున్నాను.

ఇప్పుడా పెద్దమనిషి మీ అనుబంధంలో బొమ్మ కత్తిరించి షాపు గోడకి అంటించుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా "పేపర్లోనే వేశారు చూడండి" అని చూపిస్తున్నాడు. మీరు అచ్చేసిన అంకెకి ఊళ్లో ఉన్న విలువ అదీ. ఇక ఎన్ని పిట్టల నెత్తులు పగలాలో!

పోనీ తప్పు ఎత్తు ఒక్కటేనా? రెండడుగుల చదరంలో 50 పిట్టలు పడతాయని రాశారు. ఎదిగిన పిట్ట ఒక్కోదానికి 150 నుంచి 200 చదరపు సెంటీమీటర్ల చోటు కావాలి. ఆ లెక్కన మీ గూట్లో పట్టేవి 18, ఇరికించి కుక్కితే 24. అందులో 50 వేస్తే మగవి ఒకదాని నెత్తి ఒకటి పొడుచుకుని, కప్పు చేయాల్సిన పని అవే చేసుకుంటాయి. చవకని కోళ్ల జాలీ వాడమన్నారు. ఆ కన్నాల్లోంచి పిట్ట తల బయటికి పెడుతుంది, పిల్లి పట్టుకుని లాగుతుంది. చిన్న ఎలకలకైతే అది వీధి గుమ్మమే. అర అంగుళం గళ్ల జీఐ వెల్డ్ మెష్ కొనండి, డబ్బు ఎక్కడైనా మిగుల్చుకోవచ్చు కానీ అక్కడ కాదు. నేల ముందువైపుకి కాస్త వాలుగా ఉంటే గుడ్డు దానంతటదే దొర్లి బయటి అంచుకి చేరుతుంది, పిట్ట తొక్కదు. గుడ్డంటే పది గ్రాములు, పెంకు ఎంత పల్చనో చెప్పనక్కర్లేదు. రెట్ట పడడానికి కింద లాగి తీసే రేకు లేకపోతే రెండో రోజుకే ఆ ఘాటుకి కళ్లు మండుతాయి. మీ బొమ్మలో వాలూ లేదు, రేకూ లేదు. గూటికి కర్టెన్ మాత్రం ఉంది.

పొలాల్లో పిట్టల్ని పట్టుకొచ్చి పెంచుకోవచ్చన్న సలహా ఇంకో ఘనకార్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉందని మీ విలేకరికి ఎవరూ చెప్పలేదా? ఫారాల్లో పెంచేది జపాన్ కౌజు. 1974లో అమెరికా నుంచి ఇజ్జత్‌నగర్‌కి తెప్పించిన జాతి అది. మన చేలగట్ల మీద తిరిగే పిట్ట జోలికి వెళ్తే అటవీ శాఖ వాళ్లు ఇంటికొస్తారు.

పిల్లల కింద న్యూస్‌పేపరు పరవమన్నారు. అప్పుడే పుట్టిన పిల్ల ఏడెనిమిది గ్రాములుంటుంది. నున్నటి కాగితం మీద కాళ్లు చెరోవైపుకి జారి, అలాగే అవిటిదైపోతుంది. గరుకు అట్ట వేయాలి. అందులోనూ ఈమధ్య మీ పత్రికకి నునుపు మరీ ఎక్కువైంది. మొదటి పేజీ అపార్టుమెంట్లు, రెండో పేజీ బంగారం కొట్టు, మూడోది తిప్పితే గానీ ముఖ్యమంత్రి ఏమన్నాడో తెలియదు. చందా పెంచారు, పదకేళి తీసేశారు, రైతుల పేజీని అరపేజీ చేశారు. ఉన్న ఆ అరపేజీలోనైనా పిట్టల్ని పెంచినవాడి చేత రాయించకూడదా? ఈ తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలకి కరవా? ఎవర్ని పిలిచినా టీ నీళ్ల ఖర్చుతో కొలతలు సరిచూసి పెట్టేవారు.

నాకు క్షమాపణలు అక్కర్లేదు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్దగా, అన్ని రంగుల్లో సరైన బొమ్మ వేయండి. ఎత్తు పది అంగుళాలు అన్న అంకె కింద రెండు ఎర్ర గీతలు కొట్టండి. ఆ షాపు గోడకి నేనే స్వయంగా అంటించి వస్తాను. మైదా ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
తణుకు