ఉపాధ్యాయ పట్టము: కాగితమా, విద్యయా?

ఉప్పల్, నాచారము ప్రాంతములందు నేడు పాఠశాలలకు కొదవ లేదు. నాచారపు కార్ఖానాలలో పనిచేయు కార్మికుడును, ఉప్పల్ కార్యాలయములలోని చిరుద్యోగియు తమ సంపాదనలో పెద్దభాగమును బిడ్డల ఫీజుల క్రింద చెల్లించుచున్నారు. భవనమెట్టిది, బస్సు వచ్చునా యని వారు విచారింతురు. తరగతిలో నిలిచి బోధించునతడు ఆ వృత్తిని ఎచ్చట, ఎట్లు నేర్చెనని అడుగువారు మాత్రము అరుదు. మొదట అడుగవలసిన ప్రశ్న అదియేయని మా యభిప్రాయము.

చట్టము ఈ విషయమున మౌనము వహింపలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి 2010 ఆగస్టు 23వ తేదీన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి అర్హతలను ప్రకటించినది. 6 మొదలు 8 తరగతులకు బోధింపగోరు పట్టభద్రుడు బి.ఎడ్. వంటి శిక్షణ పొందుటయే గాక టెట్ పరీక్షయందును ఉత్తీర్ణుడు కావలయును. 9, 10 తరగతులకు పట్టముతో బాటు బి.ఎడ్. ఆవశ్యకము. టెట్ నిబంధన సర్కారు బడులకే గాక ప్రైవేటు బడులకును వర్తించును. అల్పసంఖ్యాక సంస్థల ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు విడిచి, తక్కిన బడులలో పదవీ విరమణకు 5 ఏండ్లకు మించి గడువున్నవారు 2 సంవత్సరములలో ఈ పరీక్షలో నెగ్గవలెనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ విద్యకై మన యువకులు దూరదేశములకు పోనక్కరలేదు. ఉప్పల్‌కు పడమట కొలది దూరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమును, అందు విద్యాకళాశాలయు కలవు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమున తొలుత బోధనాభాష ఉర్దూ. తెలుగు బిడ్డకు తన భాషలో చదువు దుర్లభమైన ఆ కాలముననే, 1930లో, జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను తొలి ఆంధ్ర మహాసభ సమావేశమైనది. చదువుకై పెద్దలు పడిన పాటు పట్టపుకాగితముల కొఱకు గాదు.

2015 నుండి బి.ఎడ్. ఒక సంవత్సరపు చదువు కాక రెండేండ్ల చదువైనది. అందు 20 వారములు పాఠశాలలోనే అభ్యాసము చేయవలెను. తరగతులకు నూటికి 80, పాఠశాలాభ్యాసమునకు నూటికి 90 వంతుల హాజరు విధి. నియమములు చక్కనివే. కాని 2012 నాటి జస్టిస్ వర్మ సంఘము నుదాహరించుచు, 2020 జాతీయ విద్యావిధానము ఒక కఠోర సత్యమును ఒప్పుకొన్నది: దేశమున 10,000కు పైబడిన విడి శిక్షణసంస్థలలో అధికభాగము విద్య గరపుటకు మారుగా పట్టములను వెలకు అమ్ముచున్నవట! తరగతికి రానివానికి హాజరు వేయుట అతనికి చేసిన ఉపకారము గాదు; రేపు అతని యెదుట కూర్చుండు నలువదిమంది బిడ్డలకు చేసిన ద్రోహము.

శిక్షణ లేకయే గొప్ప గురువులైనవారు లేరా యని కొంద ఱడుగుదురు. ఉన్నారు. కాని ఊరూర బడి నడుపవలసిన దేశము అట్టి అరుదైన ప్రతిభపై ఆధారపడి యుండజాలదు. న్యాయవాది పట్టము పుచ్చుకొన్న మరునాడే సెషన్సు కేసు నడుపబూనడు. సీనియరు వెంట కోర్టుకు తిరిగి నేర్చుకొనును. బోధనయు నట్టిదే. అరకు మూడవవంతును కలిపి 2/5 అని వ్రాసిన బాలుని దండించుట సులభము. పై యంకెను పై యంకెతో, క్రింది యంకెను క్రింది యంకెతో వాడు కూడినాడని గ్రహించి, వచ్చిన మొత్తము అరకన్న తక్కువయ్యెనని వానిచేతనే కనిపెట్టించుట విద్య. ఇది అనుభవశాలి ప్రక్కన నిలిచి నేర్వదగినది.

అభ్యర్థులకును న్యాయము జరుగవలెను. తెలంగాణమున 2017లో 8,792 ఉపాధ్యాయోద్యోగములకు ప్రకటన వెలువడిన పిమ్మట, మరల 2023లో 5,089 ఉద్యోగములకు ప్రకటన వచ్చి, అదియు రద్దయి, 2024 ఫిబ్రవరిలో 11,062 ఉద్యోగములకు ప్రకటన వచ్చినది. నడుమ శిక్షణ పొందినవారి వయస్సు మాత్రము ఆగలేదు. అట్టివారిని స్వల్ప వేతనమునకు కుదుర్చుకొను యాజమాన్యములు ఉత్తమ బోధనను ఎట్లు ఆశింపగలవు?

2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర బి.ఎడ్. కనీసార్హత కావలెనని 2020 విద్యావిధానము సంకల్పించినది. మంచిదే. కాని దొంగ హాజరుతో గడచినచో రెండేండ్లయిన నేమి, నాలుగేండ్లయిన నేమి?

కావున మేము కోరునది మూడు మాటలు. విశ్వవిద్యాలయములు తమ క్రింది శిక్షణ కళాశాలలను ముందు తెలుపకయే తనిఖీ చేసి, ఫలితములను ప్రకటింపవలెను. ప్రభుత్వము ఖాళీలను ఏటేట పూరింపవలెను. ప్రతి పాఠశాలయు తన ఉపాధ్యాయుల యర్హతలను ద్వారమున వ్రాసి యుంచవలెను. ఉప్పల్, నాచారములందలి తల్లిదండ్రులు పదుగురు కలిసి వెళ్లి అడిగినచో ఈ కడపటి కార్యము రేపే నెరవేరును. ఫీజు చెల్లించు చేతికి ప్రశ్నించు నధికారమును గలదు. దానిని వినియోగించుకొనుట మన బిడ్డలయెడ మన ధర్మము.